పాల సేకరణ కేంద్రాల్లోని ఎడ్జ్ సర్వర్లకు భద్రతా ఆడిట్: ఏడు వారాల్లో ఏం చేయాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాల్లో కలిపి మీ సంస్థకు 18 పాల సేకరణ కేంద్రాలు ఉన్నాయని, ఒక్కోచోట ఒక చిన్న సర్వర్ (కేంద్రంలోనే ఉండి పనిచేసే దీన్నే ఎడ్జ్ సర్వర్ అంటారు), 4జీ రూటర్, కెమెరాల దృశ్యాలను నిల్వచేసే డీవీఆర్ పెట్టె, యూపీఎస్ ఉన్నాయని రాశారు. సమాచార భద్రత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 27001 ధ్రువీకరణ కోసం తొలి ఆడిట్‌కు ఇంకా ఏడు వారాలే ఉన్నందున, హైదరాబాద్‌లోని ప్రధాన కార్యాలయం కోసం ఇప్పటికే రాసి పెట్టుకున్న భద్రతా విధానాలనే ఈ కేంద్రాలన్నింటికీ వర్తింపజేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. పైగా, అలా చేస్తే ఇప్పుడు లేని లోపాలను చేతులారా తెచ్చిపెట్టుకున్నట్లవుతుంది. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో ఇలాంటి చిన్న కేంద్రాల యంత్రాలను నిర్వహిస్తూ, వాటికి అంతర్గత ఆడిట్లు చేస్తూ పదిహేనేళ్లకు పైగా గడిపాను. ఆ అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

మీ ప్రధాన కార్యాలయ పత్రంలో తలుపుకు వేలిముద్ర యంత్రం ఉంటుందని, వచ్చినవారికి బ్యాడ్జీ ఇస్తారని, కెమెరా దృశ్యాలను 90 రోజులు నిల్వ ఉంచుతారని రాసి ఉండవచ్చు. దేవరకొండ దాటిన తరువాత ఏదో ఒక ఊళ్లో అద్దెకు తీసుకున్న రేకుల గదిలో ఇవేవీ ఉండవు. నిజానికి వేలిముద్ర యంత్రం పెట్టమని ఆ ప్రమాణం ఎక్కడా చెప్పదు. 2022 నాటి కూర్పు అనుబంధంలో 93 నియంత్రణలు, అంటే భద్రతా చర్యలు, ఉన్నాయి. వాటిలో 14 భౌతిక భద్రతకు సంబంధించినవి. వీటిలో మీకు వర్తించేవి ఏవి, అవి ఎందుకు అవసరం, వదిలేసినవాటిని ఏ కారణంతో వదిలేశారు అన్న వివరాలను వర్తింపు ప్రకటనలో రాయమని మాత్రమే ప్రమాణం కోరుతుంది. ఆ తరువాత మీరు రాసినదానికీ కేంద్రంలో జరుగుతున్నదానికీ పొంతన ఉందా అని ఆడిటర్ చూస్తారు. అందుచేత దూర కేంద్రాల కోసం విడిగా, మూడు పేజీలకు మించని ఒక పత్రం తయారు చేసి, అక్కడి మనుషులు అక్కడి వసతులతో నిజంగా చేయగలిగినదే అందులో రాయండి.

ఆ పత్రం మొదలుపెట్టే ముందు, ఈ కేంద్రంలో ఏది చెడితే ఎవరు నష్టపోతారో తేల్చుకోవాలి. తెల్లవారుజామున రైతులు క్యాన్లతో వరుసలో నిలబడి ఉన్నప్పుడు నెట్‌వర్క్ పోయినా తూకం, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం) చూసి ధర కట్టి చీటీ ఇవ్వాలి కాబట్టే సర్వర్‌ను హైదరాబాద్‌లో కాకుండా ఆ ఊళ్లో పెట్టారు. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతా వివరాలు అందులో ఉంటాయి, అవి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి, కాబట్టి వాటి గోప్యత ముఖ్యమే. అయినా నన్ను అడిగితే, ఇలాంటి కేంద్రంలో అన్నింటికన్నా ముందు కాపాడవలసింది ఆ వెన్న శాతం అంకెను. అది అరపాయింటు తగ్గినా ఆ పూట రైతుకు వచ్చే డబ్బు తగ్గుతుంది, పెరిగితే సంస్థ నష్టపోతుంది. పాలు పరీక్షించే యంత్రం మొరాయించిన రోజున ఆపరేటర్ అంకెను చేతితో నమోదు చేస్తారు. ఆ నమోదు ఎవరు చేశారు, ఎన్ని గంటలకు చేశారు, తరువాత దాన్ని ఎవరైనా మార్చారా అని ఆడిటర్ అడిగితే, ఉదయం ఆపరేటర్, సాయంత్రం ఆపరేటర్ ఇద్దరూ ఒకే పాస్‌వర్డ్ వాడుతున్న చోట జవాబు ఉండదు. ఒక్కొక్కరికి విడి పిన్ ఇవ్వడం, చేతితో నమోదైన ప్రతి అంకెకు గుర్తు పడేలా సాఫ్ట్‌వేర్‌లో ఏర్పాటు చేయడం, మరుసటి రోజు సూపర్‌వైజర్ వాటిని చూసి సంతకం చేయడం అనే మూడు పనులకు పెద్ద ఖర్చు లేదు. ఏడు వారాల్లో మీరు మరేమీ చేయలేకపోయినా వీటిని మాత్రం చేయండి.

కొన్ని కేంద్రాలను మాత్రమే బాగుచేసి, ఆడిటర్‌ను అక్కడికే తీసుకువెళ్లాలన్న ఆలోచన మీకు ఉంటే దాన్ని వదులుకోండి. ఒకే నిర్వహణ వ్యవస్థ కింద ఒకే రకం పని చేసే కేంద్రాలకు, అంతర్జాతీయ అక్రిడిటేషన్ ఫోరం వారి ఎండీ 1 పత్రం ప్రకారం తొలి ఆడిట్‌లో మొత్తం కేంద్రాల సంఖ్యకు వర్గమూలం తీసి, పై పూర్ణాంకానికి సరిచేస్తారు. మీ 18కి వర్గమూలం 4.24 కనుక కనీసం 5 కేంద్రాలు చూస్తారు. తరువాతి ఏటి పర్యవేక్షణ ఆడిట్‌లో ఆ వర్గమూలాన్ని 0.6తో గుణిస్తారు కనుక 3 కేంద్రాలు వస్తాయి. ప్రమాద తీవ్రతను బట్టి ఈ సంఖ్య పెరగవచ్చు. ఎంపికలో కనీసం నాలుగో వంతు యాదృచ్ఛికంగా ఉండాలన్నది కూడా నియమమే. ప్రధాన కార్యాలయం మాత్రం ప్రతిసారీ ఆడిట్‌లో ఉంటుంది. ఏ కేంద్రం పేరు వస్తుందో తెలియదు కాబట్టి 18 కేంద్రాలనూ ఒకే స్థాయికి తీసుకురావాలి. ఆ స్థాయి సాధారణంగా ఉన్నా ఫరవాలేదు.

మొదటి రెండు వారాలు వాహనం తీసుకొని అన్ని కేంద్రాలకూ స్వయంగా వెళ్లండి. వాట్సాప్‌లో తెప్పించుకున్న ఫొటోల మీద ఆధారపడవద్దు, ఎందుకంటే ఫొటో తీసేవారు చక్కగా ఉన్న వైపే తీస్తారు. ఆస్తుల రిజిస్టరు చేతిలో పట్టుకొని, ప్రతి పెట్టె మీది సీరియల్ నంబరును మీ కళ్లతో చదివి సరిచూడండి. మన ప్రాంతంలో ఈ రిజిస్టర్లకు ప్రత్యేకంగా ఉండే ఒక చిక్కు ఏమిటంటే, 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినా, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట విడి జిల్లా అయినా, చాలా సంస్థల రిజిస్టర్లలో సూర్యాపేట ఇంకా నల్లగొండ జిల్లాలోనూ, వనపర్తి, నారాయణపేట ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనూ ఉంటాయి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ చిరునామానే ఇన్నేళ్లుగా సరిచేయనివారు, ఏడాదికోసారి రిజిస్టరును సమీక్షిస్తున్నామని పత్రంలో రాసుకుంటే ఆ మాటను ఎవరు నమ్ముతారు? ఒకసారి నేను సహాయం చేసిన సంస్థలో, రిజిస్టరు ప్రకారం దేవరకొండలో ఉండవలసిన సర్వర్ రెండేళ్లుగా కల్వకుర్తిలో పనిచేస్తోంది. దాన్ని ఎవరు తరలించారు, అప్పుడు డిస్కులో ఎవరి సమాచారం ఉంది, దాన్ని తుడిచారా, తుడిస్తే ఆధారం ఎక్కడుంది అని ఆడిటర్ ఒక్కో ప్రశ్న వేసుకుంటూ వెళ్లారు. మధ్యాహ్నం దాకా మిగతా పనేదీ ముందుకు సాగలేదు.

తాళంచెవి గురించి కొంత విపులంగా రాస్తాను, ఎందుకంటే నేను చూసిన కేంద్రాల్లో అన్నింటికన్నా ఎక్కువగా ఎదురైన లోపం అదే. నకిరేకల్ దగ్గరి ఒక కేంద్రంలో రెండు తాళంచెవులు ఉన్నాయని పత్రం చెప్పింది. ఓపికగా కూర్చొని మాట్లాడితే ఐదు ఉన్నాయని తేలింది. ఇద్దరు ఆపరేటర్ల దగ్గర చెరొకటి ఉంది. ఆ గదిలోనే తన బోరు మోటారు స్టార్టరు ఉన్నందున ఇంటి యజమాని దగ్గర ఒకటి, మరమ్మతుకు వచ్చే మెకానిక్ తీసుకోవడానికి వీలుగా ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో ఒకటి, పని మానేసి హైదరాబాద్ వెళ్లిపోయిన పాత ఆపరేటర్ దగ్గర ఒకటి ఉన్నాయి. చెర్వుగట్టు జాతర రోజున ఆపరేటర్ బావమరిది వచ్చి గది తెరిచి పాలు పట్టాడని కూడా అప్పుడే తెలిసింది. వీరిలో తప్పు చేయాలనుకున్నవారు ఒక్కరూ లేరు. పాలు ఆగకూడదు కాబట్టి ఊరు తనకు తోచిన ఏర్పాటు చేసుకుంది. తాళంచెవి ఎవరికీ ఇవ్వరాదని అక్కడ ఆజ్ఞ జారీ చేస్తే అది మరునాడే వమ్మవుతుంది, ఆ వమ్మైన ఆజ్ఞ ఆడిటర్ చేతిలో ఒక లోపంగా నమోదవుతుంది.

మేము చేసిన ఏర్పాటు ఇది. గది తాళాన్ని దాని మానాన వదిలేసి, లోపల గోడకు బిగించిన ఇనుప పెట్టెలో సర్వర్, రూటర్, డీవీఆర్ మూడింటినీ పెట్టి దానికి వేరే తాళం వేశాము. ఆ తాళంచెవి ఒకటి సూపర్‌వైజర్ దగ్గర, ఒకటి ప్రధాన కార్యాలయంలో ఉంటుంది. మూడోది సంతకం చేసి సీలు వేసిన కవరులో ఆపరేటర్ దగ్గర ఉంటుంది, అత్యవసరంగా కవరు చించితే ఎందుకు చించారో పుస్తకంలో రాయాలి. పెట్టె తలుపుకు చిన్న అయస్కాంత స్విచ్చు పెట్టి, అది తెరుచుకున్న ప్రతిసారీ సర్వర్ లాగ్‌లో, అంటే యంత్రం తానే సమయంతో సహా రాసుకునే చిట్టాలో, నమోదయ్యేలా చేశాము. జాతరలకు, పెళ్లిళ్లకు, బతుకమ్మ రోజులకు బదులుగా వచ్చే మనిషి పేరును ముందే రాసి, అతనికీ ఒక పిన్ ఇచ్చాము. యజమాని తన స్టార్టరు కోసం గదిలోకి రావచ్చునని, పెట్టెను మాత్రం ముట్టరాదని అద్దె ఒప్పందంలో ఒక వాక్యం చేర్చాము. గదిలోకి నలుగురు వస్తారని పత్రంలోనే దాచకుండా రాసి, అందుకే పెట్టె పెట్టామని వివరించినందున ఆడిటర్‌కు అభ్యంతరం లేకపోయింది.

ఆ స్విచ్చు గురించి చెప్పినప్పుడే గడియారం గురించి చెప్పాలి. సర్వర్ లాగ్‌లో పెట్టె 4:40కి తెరుచుకున్నట్లు ఉంది, పుస్తకంలో మెకానిక్ 10:10కి వచ్చినట్లు ఉంది, ఈ రెండూ ఒకటేనా అని ఆడిటర్ అడుగుతారు. సర్వర్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయంలో నడుస్తోందని, మన సమయం దానికి అయిదున్నర గంటలు ముందుంటుందని చెబితే లెక్క కుదురుతుంది, కానీ ఆ సంగతి పత్రంలో ముందే ఉండాలి. ఇంకా ఇబ్బంది పెట్టేది మదర్‌బోర్డు మీద ఉండే నాణెం లాంటి బ్యాటరీ. అది అయిపోయిన యంత్రం, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఏదో పాత సంవత్సరంలోకి వెళ్లిపోయి, నెట్‌వర్క్ అందే దాకా తప్పుడు తేదీలతో లాగ్ రాస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే నల్లగొండ ఎండల్లో రేకుల గదిలో ఉన్న బ్యాటరీ ఎక్కువ కాలం మన్నదు, కాబట్టి వెళ్లినప్పుడే 18 చోట్లా మార్చేయండి. కంప్యూటర్ అత్యవసర స్పందన సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం గడియారాలను ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయ సర్వర్లతో గానీ, వాటితో సరిపోలే సర్వర్లతో గానీ కలపాలి. లాగ్‌లను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. నిర్దేశించిన రకాల సైబర్ సంఘటనలను తెలిసిన 6 గంటల్లోపు వారికి నివేదించాలి.

180 రోజుల లాగ్‌లను ఆ చిన్న సర్వర్‌లోనే ఉంచాలనుకోవద్దు. యంత్రం దొంగతనానికి గురైతే లాగ్‌లు కూడా దానితోనే పోతాయి. అన్నింటినీ హైదరాబాద్‌కు పంపండి, లైను తెగినప్పుడు పంపవలసినవి డిస్కులో వరుసగా దాచి, లైను రాగానే పంపేలా అమర్చండి. చవక రూటర్లలో లాగ్ తాత్కాలిక మెమరీలోనే ఉండి కరెంటు పోగానే తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి వాటి లాగ్‌ను పక్కనే ఉన్న సర్వర్‌కు మళ్లించాలి. ఆ తరువాత ఒక పని తప్పకుండా చేయండి. ఒక కేంద్రాన్ని ఎంచుకొని, నాలుగు నెలల కిందటి ఏదో ఒక రోజు లాగ్‌ను మీరే వెతికి తీయండి. దొరకకపోతే ఆడిటర్ కన్నా ముందు మీకే తెలుస్తుంది.

సర్వర్ డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయాలా, అంటే తాళం లేనివారు చదవలేని రూపంలోకి మార్చాలా అని కూడా అడిగారు. తప్పకుండా చేయాలి, కానీ మన కేంద్రాల్లో కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోతుందో గుర్తుంచుకొని చేయాలి. కరెంటు వచ్చిన ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టాలంటే ఆపరేటర్ దాన్ని క్యాలెండర్ వెనుక రాసి పెట్టుకుంటారు. యంత్రంలోని టీపీఎం చిప్ (డిస్కు తాళాన్ని తనలో దాచుకునే భద్రతా చిప్) ఆ తాళాన్ని దానంతటదే తీసేలా అమర్చితే ఆ బాధ తప్పుతుంది, డిస్కును ఒక్కదాన్నే పీకి తీసుకుపోయినవాడికి ఏమీ దక్కదు. అయితే దొంగ పెట్టెను మొత్తంగా ఎత్తుకుపోతే చిప్ కూడా దానితోనే వెళుతుంది. అందుకే నేను క్లెవిస్, టాంగ్ అనే సాఫ్ట్‌వేర్ జంటను ఇష్టపడతాను. మీ ప్రైవేటు నెట్‌వర్క్ లోపలి కేంద్ర సర్వర్ అందుబాటులో ఉంటేనే డిస్కు తెరుచుకుంటుంది, చోరీ జరిగిందని తెలియగానే ఆ సిమ్ కార్డును ఆపించి, ఆ యంత్రానికి నెట్‌వర్క్‌లో అనుమతి రద్దు చేస్తే అది మూసిన పెట్టెగానే మిగిలిపోతుంది. దీనికీ ఒక ఇబ్బంది ఉంది. కరెంటు వచ్చి, లైను రాని ఉదయం సర్వర్ లేవదు. ఆ పూట చీటీలు చేతితో రాసే పద్ధతిని, సూపర్‌వైజర్ వచ్చి పాస్‌వర్డ్‌తో తెరిచే పద్ధతిని పత్రంలో రాసి, ఒకసారి నిజంగా చేసి చూడండి.

కెమెరాల డీవీఆర్‌ను ఎవరూ కంప్యూటర్‌గా లెక్కపెట్టరు, అందుకే ఆడిటర్లు నేరుగా అక్కడికే వెళతారు. బిగించిన మనిషి పెట్టిన తొలి పాస్‌వర్డే ఇంకా ఉంటుంది, ఆయన ఫోన్‌లోనూ దృశ్యాలు కనిపిస్తూ ఉంటాయి, అదే నెట్‌వర్క్‌లో పాల లెక్కల సర్వర్ ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చి, బయటి యాప్ అనుసంధానం ఆపి, డీవీఆర్‌ను విడి నెట్‌వర్క్‌లోకి తీసేయండి. దాని హార్డ్ డిస్కులో ఎన్ని రోజుల దృశ్యాలు నిజంగా ఉన్నాయో వెనక్కి తిప్పి చూడండి. 30 రోజులని రాసిన చోట 8 రోజులే దొరకడం నేను చాలాసార్లు చూశాను. డిస్కు పెంచండి, లేదా 8 రోజులు చాలునని కారణంతో రాయండి. పాల పరీక్ష యంత్రం అమ్మినవారు దూరం నుంచి సర్వర్‌లోకి రావడానికి పెట్టుకున్న రిమోట్ సాఫ్ట్‌వేర్‌ను కూడా వెతకండి, వారికి అవసరమైనప్పుడు మీరు తెరిచి, పని అయ్యాక మూసేలా మార్చండి.

సర్వర్ యూఎస్‌బీ సాకెట్‌కు ఆపరేటర్ ఫోన్ చార్జింగ్ పెట్టి కనిపిస్తే కోప్పడవద్దు, గదిలో మరో ప్లగ్ లేక అలా చేస్తారు. ముందు ఒక చార్జింగ్ బోర్డు పెట్టించి, ఆ తరువాత సాకెట్లను మూసేయండి. ఎలుకలు కొరకకుండా వైర్లకు గొట్టం తొడగడం, కోతులు లాగకుండా యాంటెన్నాను బిగించడం, ఎర్త్ గుంతలో నీళ్లు పోయడం, మంటలార్పే సిలిండర్ తేదీ చూడడం వంటివి మీకు తెలిసినవే. చేసిన రోజున తేదీ వేసి పుస్తకంలో రాయడమే మిగిలింది.

సంఘటన జరిగితే ఎంతసేపట్లో మనిషి కేంద్రానికి చేరతాడో రాసే చోట అన్ని కేంద్రాలకూ నాలుగు గంటలని ఒకే అంకె వేయకండి. అమ్రాబాద్ అడవిలో మన్ననూరు దాటిన తరువాత శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను అనుమతించరు. అటువైపు మీకు కేంద్రం ఉంటే, రాత్రి తాళం పగిలినట్లు సూచన వచ్చినప్పుడు మొదట హైదరాబాద్ నుంచే యంత్రం అనుమతులు రద్దు చేసి, సిమ్ ఆపి, మనిషి ఉదయం చేరతాడని రాయడమే నిజం. రైతుల ఖాతా వివరాలున్న యంత్రం పోయినప్పుడు 6 గంటల నివేదిక గడువు ఆ రాత్రి నుంచే మొదలవుతుందని భావించి, అర్ధరాత్రి ఫోన్ ఎత్తే మనిషి నంబరును ఇనుప పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

అయిదో వారంలో అంతర్గత ఆడిట్, ఆ వెంటనే యాజమాన్య సమీక్ష పూర్తి చేయండి. రెండూ ప్రమాణంలో తప్పనిసరి, లేకుంటే ధ్రువీకరణకే అడ్డు. అంతర్గత ఆడిట్‌లో దొరికిన లోపాలను దాచకండి. ఫలానా తేదీకి సరిచేస్తామని, బాధ్యుడు ఫలానావారని రాసి ఉన్న లోపం మీ వ్యవస్థ పనిచేస్తోందనడానికి ఆధారమవుతుంది. ఆడిట్‌కు రెండు రోజుల ముందు ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో నింపిన ఆరు నెలల రిజిస్టరును ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు, అది దొరికితే మిగతా ఆధారాలన్నింటి మీదా నమ్మకం పోతుంది. పుస్తకం ఈ వారమే మొదలైతే ఈ వారం తేదీతోనే మొదలుపెట్టండి.

ఆపరేటర్లకు జవాబులు బట్టీ పట్టించవద్దు. ఆడిటర్ అడిగేవి మామూలు ప్రశ్నలే: కరెంటు పోతే ఏం చేస్తావు, తెలియని మనిషి వచ్చి మెకానిక్‌నని చెబితే ఏం చేస్తావు, ఎవరికి ఫోన్ చేస్తావు. వాటికి తమ మాటల్లో, తమ యాసలో చెప్పమనండి. తెలియనిది తెలియదని చెప్పవచ్చని, అందువల్ల ఉద్యోగం పోదని ముందే మీ నోటితో చెప్పండి. ఆడిటర్‌కు తెలుగు రాకపోతే పక్కన ఉన్నవారు అనువాదం చేయాలే తప్ప సొంత జవాబు చేర్చకూడదు. ప్రతి కేంద్రంలో ఉదయం, సాయంత్రం పాలు పట్టే వేళలను ఆడిట్ ప్రణాళికతో పాటే రాసి పంపి, పాలు పడుతున్న సమయంలో ఒక పక్కన నిలబడి చూడమని, మాట్లాడవలసినది వరుస అయిపోయిన తరువాత మాట్లాడమని కోరండి. క్యాన్లతో వచ్చిన రైతులను ఆడిట్ కోసం ఒక్క నిమిషం కూడా నిలబెట్టవద్దు.